క్యారేజీకి ముందే చేసి పెట్టుకోవడానికి ఏది మేలు: ఫ్రీజర్ సాండ్‌విచ్చా, సగం కాల్చిన చపాతీనా, పులిహోర పులుసా?

విజయనగరం నుంచి రోజూ విశాఖకు ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళున్న ఇంట్లో పొద్దున్న ఏడు కొట్టేసరికి క్యారేజీ మూత పడాలి. పిల్లల స్కూలు బస్సూ అటూ ఇటూగా అప్పుడే వస్తుంది. ఆదివారం ఒక పూట కూర్చుని కొంత పని చేసి పెట్టుకుంటే వారమంతా ఆ టెన్షన్ తగ్గుతుంది. అందుకు నేను సాండ్‌విచ్‌లు చేసి ఫ్రీజర్లో పెడతాను, చపాతీలు సగం కాల్చి దాస్తాను, పులిహోర పులుసు ఉడికించి సీసాకెత్తుతాను. మూడూ ఒకే అవసరానికి పనికిరావు.

పొద్దున్న పని ఒక్కటే చూస్తే సాండ్‌విచ్‌కి సాటి లేదు. పొయ్యి వెలిగించక్కర్లేదు. గడ్డకట్టినదాన్ని అలాగే డబ్బాలో పెడితే మధ్యాహ్నం గంట కొట్టేసరికి మెత్తబడి ఉంటుంది. కానీ లోపల ఏం పెట్టామన్నది చాలా ముఖ్యం. కీరా, టమాటా, పచ్చి ఉల్లిపాయ వద్దు. వాటిలోని నీరు గడ్డకట్టి కణాలు చిట్లుతాయి, కరిగాక ఆ నీరంతా బ్రెడ్‌లోకి దిగుతుంది. ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరులా అయిపోతుంది. మయొనైజ్ విరిగి నూనె తేలుతుంది.

బాగా నిలిచేవి కూడా మన వంటింట్లో చాలానే ఉన్నాయి. వెన్న వేసి మెదిపిన ఆలూ కూర, పనీర్ తురుము, తడి లేకుండా వేయించిన చికెన్ కైమా, నీళ్ళు తగ్గించి రుబ్బిన పల్లీ పచ్చడి. మా ఇంట్లో అందరికీ నచ్చేది నువ్వుల పొడి వెన్నలో కలిపి రాసినది. పనీర్‌లోకి పలాస జీడిపప్పు కచ్చాపచ్చాగా దంచి వేస్తే ఇంకా బాగుంటుంది. ఏది పెట్టినా రెండు బ్రెడ్ ముక్కలకూ అంచుల దాకా వెన్న రాయాలి. ఆ కొవ్వు పొర ఉంటే తేమ బ్రెడ్‌లోకి దిగదు. కూర పూర్తిగా చల్లారాకే పెట్టి, ఒక్కొక్కటీ విడిగా చుట్టి, గాలి పోయేలా నొక్కి జిప్ కవర్లో వేయాలి. వీటిని ఫ్రిజ్ కింది అరలో దాచుకోవద్దు. అక్కడి చల్లదనానికి బ్రెడ్ బయట ఉన్నదానికంటే త్వరగా గట్టిపడుతుంది. మైనస్ 18 డిగ్రీలు ఉండే డబుల్ డోర్ ఫ్రీజర్లో రెండు మూడు వారాలు రుచి చెడదు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని చిన్న ఐసు అరకి అంత చల్లదనం ఉండదు కాబట్టి వారంలోపే తినేయడం మంచిది.

చపాతీలది వేరే లెక్క. రెండు వైపులా చుక్కలు రాకముందే పెనం మీంచి తీసి, చల్లార్చి, మధ్యలో బటర్ పేపర్ వేసి పెడితే నిక్షేపంలా ఉంటాయి. అయితే పొద్దున్న మళ్ళీ పెనం పెట్టాలి, పక్కకి కూరా కావాలి. రాత్రి భోజనానికి ఇవి హాయి, క్యారేజీకి అంత కలిసిరావు.

పులిహోర పులుసు వేసవిలో నాకు పెద్ద ధైర్యం. చింతపండు పులుపు, ఉప్పు, నూనె ఉన్న ఆ పులుసు ఫ్రిజ్‌లో వారాల తరబడి నిలుస్తుంది, తడి చెంచా పెట్టకపోతే చాలు. మన వైపు రుచికి ఆవ పెట్టాలనుకుంటే మాత్రం ఏ పొద్దుకాపొద్దు నూరి కలపండి. ముందే కలిపితే ఘాటు పోతుంది. అన్నం కూడా పొద్దున్న వండినదే వాడాలి. రాత్రంతా బయట ఉన్న అన్నంలో ఒక రకం బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది, మళ్ళీ వేడి చేసినా అది పోదు.

మా ఇంట్లో నేను తేల్చుకున్నది ఇదీ. పన్నెండు లోపు తినే పిల్లలకి సాండ్‌విచ్. ఒంటిగంట దాటాక తినే పెద్దవాళ్ళకి, ఏప్రిల్, మే నెలల్లో పులిహోర. మాంసం, పనీర్ లాంటివి చల్లదనం పోయాక బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. ఆ నెలల్లో చికెన్ సాండ్‌విచ్ పంపక తప్పకపోతే డబ్బా పక్కన గడ్డకట్టిన నీళ్ళ సీసా కూడా పెట్టండి.

కరెంటు సంగతీ ఆలోచించాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు మన జిల్లాల్లో రోజుల తరబడి కరెంటు లేని ఊళ్ళున్నాయి. తలుపు తీయకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లగా ఉంటుంది. అందుకే తుఫాను హెచ్చరిక రాగానే ఖాళీల్లో నీళ్ళ సీసాలు పేర్చేస్తాను. కరెంటు వచ్చాక సాండ్‌విచ్ మీద ఇంకా ఐసు పలుకులుంటే మళ్ళీ గడ్డకట్టనివ్వొచ్చు. మెత్తబడి చల్లదనం కూడా పోయి ఉంటే, వాసన బాగానే ఉన్నా పిల్లలకి పెట్టొద్దు.