వికీ పేజీల్లోంచి లింక్డ్ డేటా తీయాలంటే ఏ దారి మేలు?

వికీలో సమాచారం బోలెడంత ఉంటుంది, కానీ అదంతా మనుషులు చదువుకోడానికి రాసింది, ప్రోగ్రామ్‌కి అది ఒట్టి అక్షరాల కుప్ప. "మేరీ క్యూరీ 1867 నవంబర్ 7న వార్సాలో పుట్టారు" అని పేజీలో ఉంటే మనకి చాలు, కంప్యూటర్‌కి మాత్రం ఆవిడకొక యూఆర్ఐ (వెబ్ అడ్రస్ లాంటి, ఆవిడకే చెందే గుర్తింపు పేరు), వార్సాకొక యూఆర్ఐ, మధ్యలో "పుట్టిన చోటు" అన్న సంబంధానికి ఇంకోటి, ఇలా మూడు ముక్కలు చేసి ఇవ్వాలి, అదే ట్రిపుల్. ఇలా ఒకదానికొకటి లింకులతో కట్టి, ప్రోగ్రాములు చదువుకోగలిగేలా పెట్టిన డేటానే లింక్డ్ డేటా అంటారు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 2006లో రాసిన నాలుగు లింక్డ్ డేటా రూల్స్ కూడా ఈ యూఆర్ఐల గురించే. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు, ఆ ట్రిపుల్స్ ఎలా పుట్టించాలి అన్న దగ్గరే దారులు చీలతాయి.

చాలామంది ఎన్ని ట్రిపుల్స్ వచ్చాయో చూసి పోలుస్తారు. నేను చూసేది ఒక్కటే: తప్పు దొరికితే ఎక్కడికెళ్ళి దిద్దాలి, దిద్దింది నిలుస్తుందా?

ముందు డీబీపీడియా. 2007లో బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీ, లైప్‌జిగ్ యూనివర్సిటీ వాళ్ళు ఓపెన్‌లింక్ సాఫ్ట్‌వేర్‌తో కలిసి మొదలుపెట్టారు, వికీపీడియా ఇన్ఫోబాక్సుల్ని (పేజీ పక్కనుండే వివరాల పెట్టెల్ని), వర్గాల్ని ప్రోగ్రామ్‌తో చదివి ఆర్‌డీఎఫ్‌గా (ట్రిపుల్స్ రాసే ప్రామాణిక పద్ధతిలోకి) మార్చేస్తుంది. మనిషి కష్టం తక్కువ, పంట ఎక్కువ, అందులో సందేహం లేదు. కానీ ఇన్ఫోబాక్స్‌లో ఒకరు "పుట్టిన స్థలం" అంటారు, ఒకరు "జన్మస్థలం" అంటారు, ఇంకొకరు ఊరూ దేశమూ సామ్రాజ్యమూ కామాలతో ఒకే లైన్లో పెట్టేస్తారు, దాంతో ఒకే మనిషికి మూడు పుట్టిన చోట్లు తేలతాయి. దీనికోసమే మ్యాపింగులు రాస్తారు, ఏ పేరొచ్చినా ఒకే ప్రాపర్టీకి కట్టేలా. బానే ఉంది, మరి తప్పు కనిపిస్తే? వికీ పేజీ దిద్దాలి లేదా మ్యాపింగ్ దిద్దాలి, మళ్ళీ ఎక్స్‌ట్రాక్షన్ నడిచేదాకా ఆగాలి. పైగా పేరాల్లో ఉన్న అసలు కథ దాదాపుగా అలాగే మిగిలిపోతుంది. యాగో కూడా ఇదే కుటుంబం, వికీపీడియా వర్గాల్ని వర్డ్‌నెట్‌తో (ఇంగ్లీషు పదాల అర్థాల డేటాబేస్‌తో) కలిపి మొదలైంది, 2020లో వచ్చిన యాగో 4 మాత్రం వికీడేటాని పునాదిగా తీసుకుంది. పేజీల్లోంచి తీసేవాళ్ళే అటు మళ్ళారంటే ఆ మార్పు చాలా విషయం చెప్తుంది.

వికీడేటా 2012 అక్టోబర్ 29న మొదలైంది. ఇక్కడ పేజీల్లోంచి డేటా తీయడం కాదు, డేటాకే సొంత ఇల్లు కట్టారు. మేరీ క్యూరీ అంటే క్యూ7186, ఏ భాషలో చూసినా అదే నంబర్. నాకు బాగా నచ్చేది క్వాలిఫైయర్లు, అంటే ఒక స్టేట్‌మెంట్‌కి అదనంగా తగిలించే వివరాలు. ఆవిడకి 1903లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది, అదీ పియర్ క్యూరీ, హెన్రీ బెకెరెల్‌లతో కలిపి, 1911లో కెమిస్ట్రీ నోబెల్ ఒక్కరికే వచ్చింది. ఉత్త ట్రిపుల్స్‌లో పెడితే ఏ సంవత్సరం ఏ బహుమతిదో, పంచుకున్నది ఏదో కలగాపులగం అయిపోతుంది, వికీడేటాలో ఆ సంవత్సరమూ ఆ పేర్లూ ఆ ఒక్క స్టేట్‌మెంట్‌కే అంటుకుని ఉంటాయి, పక్కనే రిఫరెన్స్ కూడా పెట్టొచ్చు. తప్పుంటే అక్కడే దిద్దేస్తాం, ఆ డేటాని వాడుకునే వికీలన్నిటికీ అందుతుంది. లైసెన్సు సీసీ0 (హక్కులన్నీ వదిలేసుకునే లైసెన్సు) కాబట్టి తీసుకుని వాడుకోడానికి అడ్డం లేదు. అయితే మీ వికీలో ఉన్నదంతా అక్కడ పట్టదు, ప్రాముఖ్యత నియమాలున్నాయి, రిఫరెన్స్ దగ్గర "ఫలానా వికీపీడియా నుంచి తెచ్చాం" అని మాత్రమే ఉన్న స్టేట్‌మెంట్లు కూడా చాలా ఉన్నాయి, వాటిని ఆధారం అనుకోకండి.

సొంత మీడియావికీ (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నవాళ్ళకి సెమాంటిక్ మీడియావికీ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, 2005 నుంచి. వాక్యంలోనే [[పుట్టిన చోటు::వార్సా]] అని రాస్తే చదివేవాళ్ళకి మామూలు లింకులా కనిపిస్తుంది, లోపల ట్రిపుల్ తయారవుతుంది, ఆర్‌డీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ అవుతుంది. వాక్యం దిద్దితే డేటా కూడా దిద్దుకుంటుంది, రెండూ విడిపోవు. రాసేవాళ్ళందరూ ఈ సింటాక్స్ నేర్చుకోరు కాబట్టి మూసల్లో (టెంప్లేట్లలో) దాచి, పేజ్ ఫార్మ్స్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఫారం ఇచ్చేయండి. కార్గో అనే ఎక్స్‌టెన్షన్ ఇంకా తేలిక, మూసల డేటాని ఎస్‌క్యూఎల్ టేబుల్స్‌లో (మామూలు డేటాబేస్ పట్టికల్లో) పెడుతుంది, వికీలో లిస్టులు చూపించడం వరకే అయితే అదే చాలు, కానీ లింక్డ్ డేటా కావాలంటే ఆర్‌డీఎఫ్ పని విడిగా చేసుకోవాల్సిందే.

ఇప్పుడు అందరూ అడిగేది, పేరాలన్నీ ఏఐ మోడల్‌కి ఇచ్చేస్తే పోలేదా అని. నిజం చెప్పాలంటే పేరాల్లోని సంగతులు బయటికి తీయడంలో పైవేవీ దీని దరిదాపుల్లోకి రావు. కానీ పేజీలో లేని సంబంధాన్ని కూడా అంతే ధీమాగా ఇస్తుంది, క్యూ నంబర్ అడిగితే నిజంలా కనిపించే నంబర్ అల్లేస్తుంది, ఈ రోజు మీరు తప్పు తీసేసినా రేపు మళ్ళీ నడిపితే అదే తప్పు తిరిగొస్తుంది, ఎందుకంటే దిద్దడానికి ఒక చోటంటూ లేదు. అందుకే దాన్ని సూచనలు ఇవ్వడానికే వాడండి. ప్రతి ట్రిపుల్ పక్కన అది వచ్చిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు పెట్టించండి, క్యూ నంబర్లు మోడల్‌ని అడక్కుండా ఓపెన్‌రిఫైన్ అనే టూల్‌లో వికీడేటాతో సరిపోల్చండి, మనిషి చూసి సరే అన్నాకే లోపలికి పంపండి.

నా ఓటు ఇది: వికీ మీ సొంతమై రోజూ మారుతూ ఉంటే సెమాంటిక్ మీడియావికీ, దాంతోపాటు ప్రతి పేజీకీ వికీడేటా ఐడీ. వికీ మీది కాకపోతే, వికీపీడియా సంగతులే కావాలంటే నేరుగా వికీడేటాని స్పార్కిల్ అనే క్వెరీ భాషతో అడగండి, వర్గాలూ ఇన్ఫోబాక్సులూ ఉన్నవి ఉన్నట్టు కావాలంటేనే డీబీపీడియాకి వెళ్ళండి. పాత పేరాల గుట్ట మాత్రమే ఉంటే ఏఐతో ముసాయిదా తీసి, దిద్దినదాన్ని వికీ మూసల్లోకే ఎక్కించండి, పక్కన ఎక్కడో ఫైల్లో కాదు.

ఐడీ కట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. రెండూ ఒకటే అని చెప్పే సేమ్‌యాజ్ లింకు చాలా గట్టిది. మీ వికీలో మేరీ, పియర్ ఇద్దరికీ కలిపి ఒకే పేజీ ఉంటే దాన్ని క్యూ7186కి కట్టకండి, ఆ లింకు పట్టుకుని వెళ్ళే ప్రోగ్రామ్ పియర్ పుట్టిన తేదీని కూడా ఆవిడకే అంటగడుతుంది. ముందు పేజీని రెండు చేసి, అప్పుడు దేనికది కట్టండి.