“లోపల కొత్త హార్డ్ డిస్క్” అని అమ్మే పాత కంప్యూటర్లతో జాగ్రత్త: ‘బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్’ అని వస్తే వెంటనే ఫార్మాట్ చేయనివ్వకండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత కంప్యూటర్లు కొనబోతున్నవారు, ఇప్పటికే కొన్నవారు దయచేసి ఇది చివరి దాకా చదవండి. నేను శ్రీకాకుళంలో చిన్న జిరాక్స్, డీటీపీ దుకాణం నడుపుతున్నాను. 2024 దసరాకు ముందు ఒక దుకాణంలో 18,500 రూపాయలు పెట్టి కంపెనీ నుంచి వచ్చిన పాత సిస్టమ్ ఒకటి తీసుకున్నాను. డబ్బా పాతదే అయినా లోపల ఒక టెరాబైట్ కొత్త హార్డ్ డిస్క్ వేశామని, ఏడాది వారంటీ ఉందని దుకాణదారు నోటిమాటగా చెప్పారు. చేతికిచ్చిన చీటీ మీద మాత్రం “సిస్టమ్ - 1” అన్న మాట, మొత్తం డబ్బు తప్ప డిస్క్ సీరియల్ నంబరు గాని, వారంటీ సంగతి గాని, జీఎస్టీ నంబరు గాని లేవు. ఆ చీటీని అలాగే తీసుకోవడం నేను చేసిన మొదటి పొరపాటు.

సంక్రాంతి వెళ్ళిన వారంలోనే ఒక ఉదయం సిస్టమ్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో “బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్, ప్రెస్ కంట్రోల్ ఆల్ట్ డెల్ టు రీస్టార్ట్” అని వచ్చి ఆగిపోయింది. అంటే విండోస్‌ను మొదలుపెట్టే బూట్‌ఎంజీఆర్ అనే ఫైలు దొరకలేదని అర్థం. మూడు మీటలూ కలిపి ఎన్నిసార్లు నొక్కినా మళ్ళీ అదే వాక్యం. మాఘమాసపు పెళ్ళిళ్ళ పత్రికలన్నీ అందులోనే ఉన్నాయి. కంగారుగా దుకాణానికి మోసుకువెళ్తే, వారు పరీక్ష ఏదీ చేయకుండానే “విండోస్ పోయింది, మళ్ళీ ఎక్కించాలి, సాఫ్ట్‌వేర్‌కు వారంటీ ఉండదు” అని 800 రూపాయలు తీసుకుని సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి పంపించారు. ఫైళ్ళు ఎక్కడ పెట్టుకున్నారని ఒక్క మాటైనా అడగలేదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పత్రికలన్నీ డెస్క్‌టాప్ మీదే ఉండేవి. డెస్క్‌టాప్ కూడా సీ డ్రైవ్‌లో భాగమే కాబట్టి పదకొండు పత్రికలూ పోయాయి. నరసన్నపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా ఎదుట కూర్చుని, “బాబూ, ఎల్లుండి పసుపు కొట్టాలి, కార్డులు అందకపోతే చుట్టాలకు ఏం చెప్పమంటావు?” అని అడిగినప్పుడు నాకు నోట మాట రాలేదు. వారి ఫోన్‌లో ఉన్న ప్రూఫ్ ఫోటో చూసుకుంటూ రాత్రంతా కూర్చుని ఆ పత్రికను మళ్ళీ టైపు చేశాను.

పదిహేను రోజులకు, రథసప్తమి ముందు రోజు, అదే నల్లటి తెర, అదే వాక్యం మళ్ళీ వచ్చాయి. దుకాణదారు ఫోన్‌లో మళ్ళీ ఫార్మాట్ మాటే చెప్పారు. అదృష్టవశాత్తు అరసవల్లి దర్శనానికని మా తోడల్లుడి కుమారుడు వచ్చి ఉన్నాడు, విశాఖలో కంప్యూటర్ల పనే చేస్తాడు. “పెదనాన్నా, ఫైలు కనబడటం లేదంటే విండోస్ అంతా పోయిందని అర్థం కాదు, ముందు నన్ను చూడనివ్వండి” అని కూర్చున్నాడు. అతను చేసిన పనిని వరుసగా చెబుతాను, ఎందుకంటే ఇందులో చాలా భాగం మనం ఎవరి సాయమూ లేకుండా చూసుకోగలిగినదే.

మొదట సిస్టమ్‌కు గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌లన్నీ తీయించాడు. కంప్యూటర్ ఏ పరికరం నుంచి మొదలవ్వాలన్న వరుస బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందే నడిచే యంత్రపు సొంత సెట్టింగుల్లో ఉంటుంది. ఆ వరుసలో పెన్‌డ్రైవ్ ముందుంటే, యంత్రం అందులోనే బూట్ ఫైలు వెతికి, దొరక్క, సరిగ్గా ఇదే సందేశం చూపించగలదు. అలాంటప్పుడు పెన్‌డ్రైవ్ తీసి మళ్ళీ ఆన్ చేస్తే పని పూర్తయిపోతుంది. మా విషయంలో అలా కాలేదు. తరువాత బయాస్‌లోకి వెళ్ళి హార్డ్ డిస్క్ పేరు కనబడుతోందా లేదా అని చూశాడు. పేరే కనబడకపోతే కేబుల్ వదులైనా అయి ఉండాలి, డిస్క్ చచ్చిపోయి అయినా ఉండాలి. మాకు కనబడింది.

అప్పుడు వేరే కంప్యూటర్‌లో తయారుచేసిన విండోస్ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, ‘ఇన్‌స్టాల్’ జోలికి పోకుండా, దాని కిందనే ఉండే ‘రిపేర్ యువర్ కంప్యూటర్’ ద్వారా కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైపు చేసే నల్లటి కిటికీ తెరిచాడు. అన్నిటికన్నా ముందు నా ఫైళ్ళను బయటికి తీశాడు. అతను చూపించిన ఆ ఉపాయం తెలియకే జనవరిలో నేను అంత నష్టపోయాను. ఆ నల్లటి కిటికీలో ‘నోట్‌ప్యాడ్’ అని కొట్టి ఎంటర్ నొక్కితే నోట్‌ప్యాడ్ వస్తుంది. అందులో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుంటే డ్రైవ్‌లన్నీ కనబడతాయి. అక్కడి నుంచే మౌస్ కుడి మీటతో కాపీ చేసి మరో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. డ్రైవ్ అక్షరాలు అక్కడ మారిపోవచ్చు, మీ సీ డ్రైవ్ డీగా కనబడితే కంగారుపడకండి. లాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కు వేసే విండోస్ తాళం) ఉంటే మాత్రం రికవరీ కీ అడుగుతుంది, అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది.

ఫైళ్ళన్నీ భద్రంగా చేరాక ‘బూట్‌రెక్’ అనే కమాండ్‌ను ‘స్కాన్ఓఎస్’తో నడిపితే, ఒక విండోస్ ఉన్నట్టు చూపించింది. అంటే విండోస్ ఎక్కడికీ పోలేదు, దానికి దారి చూపే బూట్ ఫైళ్ళు మాత్రమే చెడిపోయాయి. ‘బీసీడీబూట్’ కమాండ్‌తో వాటిని మళ్ళీ రాయించగానే సిస్టమ్ మామూలుగా తెరుచుకుంది. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

అసలు సంగతి ఆ తరువాత బయటపడింది. రెండు వారాల్లో రెండుసార్లు బూట్ ఫైళ్ళు ఎందుకు పాడయ్యాయో తేల్చాలని అతను క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాడు. ప్రతి హార్డ్ డిస్క్ తన ఆరోగ్య వివరాలను తానే నమోదు చేసుకుంటుంది, దాన్నే స్మార్ట్ అంటారు. అక్కడ పసుపు రంగు గడిలో ‘కాషన్’ (జాగ్రత్త) అని కనబడింది, పాడైపోయి పక్కన పెట్టిన సెక్టార్లు, అంటే డిస్క్‌లో సమాచారం దాచే చిన్న చిన్న భాగాలు, వందల్లో ఉన్నాయి. ‘పవర్ ఆన్ అవర్స్’, అంటే డిస్క్ ఇప్పటిదాకా నడిచిన గంటల ఎదుట 31,460 అని ఉంది. రోజుకు పది గంటల చొప్పున నేను వాడినది వెయ్యి పైచిలుకు గంటలే అవుతుంది. 31,460 గంటలంటే రాత్రింబవళ్ళు ఆపకుండా నడిపినా మూడున్నర సంవత్సరాలు దాటుతుంది. మూత విప్పి చూస్తే డిస్క్ స్టిక్కర్ మీద తయారీ సంవత్సరం 2016. కొత్తదని చెప్పి నాకు అమ్మిన డిస్క్ అది. చెడిపోతున్న డిస్క్ మీద విండోస్ ఎన్నిసార్లు ఎక్కించినా మళ్ళీ అదే తప్పు రావచ్చు. ఎక్కించిన ప్రతిసారీ మన డబ్బు, మన ఫైళ్ళు పోతాయి. అటువంటి డిస్క్ మీద ఫైళ్ళు కాపీ చేసుకోకముందే ‘చెక్‌డిస్క్’ (డిస్క్‌లోని తప్పులు వెతికి సరిచేసే విండోస్ కమాండ్) నడపడం కూడా ప్రమాదమేనని, దాని మీద భారం పెరిగి పూర్తిగా ఆగిపోవచ్చని ఆ అబ్బాయి గట్టిగా చెప్పాడు.

ఈ వివరాలు చూపిస్తే దుకాణదారు ముందు మా ఊరి కరెంటు మీద నెట్టారు. కరెంటు ఠక్కున పోతే బూట్ ఫైళ్ళు చెడటం నిజంగానే జరుగుతుంది, యూపీఎస్ తప్పకుండా ఉండాలి. కానీ కరెంటు పోయినందువల్ల డిస్క్ వయసు పెరగదు కదా. స్క్రీన్ ఫోటోలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ తరువాతే కొత్త డిస్క్, సీరియల్ నంబరు రాసిన బిల్లు ఇచ్చారు. 800 రూపాయలూ, పోయిన పనీ తిరిగి రాలేదు. అంతటితో తేలనివారు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, రెండేళ్ళ గడువు ఉంటుంది, 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ 8వ తరం కన్నా పాత ప్రాసెసర్లను విండోస్ 11 దాదాపుగా అంగీకరించదు. అందువల్ల కార్యాలయాలు వదిలించుకుంటున్న పాత సిస్టమ్‌లు లాట్లుగా మన వైపు వస్తున్నట్టు నాకు కనిపిస్తోంది. కొనేటప్పుడు డబ్బు ఇవ్వకముందే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోను పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్ళి డిస్క్ నడిచిన గంటలు చూడండి. మోసగాళ్ళు ఆ అంకెను సున్నా చేయగలరు కాబట్టి మూత తీయించి స్టిక్కర్ మీద తయారీ తేదీ చూడండి, సీరియల్ నంబరును తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఉందో లేదో చూడండి. మూత తీయడానికి ఒప్పుకోని చోట కొనకండి.

ఇంకొక మాట. విండోస్ పూర్తిగా తెరుచుకున్నాక చిన్న పెట్టెలో ఏదో డీఎల్ఎల్ ఫైలు (ప్రోగ్రామ్‌లు వాడుకునే సహాయక ఫైలు) కనబడలేదని వచ్చేది వేరే తప్పు. చాలావరకు అది తీసేసిన ప్రోగ్రామ్ తాలూకు మిగులు స్టార్టప్‌లో (విండోస్‌తో పాటే మొదలయ్యేవాటి జాబితాలో) ఉండిపోవడం వల్ల వస్తుంది, దానికి ఫార్మాట్ అక్కరలేదు. ఆ ఫైలును ఇంటర్నెట్‌లో వెతికి దింపుకోకండి, వైరస్ రావచ్చు. వెతుకులాటలో కనబడే ‘సహాయ కేంద్రం’ నంబర్లకు ఫోన్ చేసి మీ స్క్రీన్ వారికి అప్పగించకండి. అలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

2024 దసరా సమయంలో శ్రీకాకుళంలో ఇలాంటి సిస్టమ్‌లు కొన్నవారు ఈరోజే మీ డిస్క్ గంటలు చూసుకోండి. ఎలా చూడాలో తెలియకపోతే సిస్టమ్‌ను నా దగ్గరకు తీసుకురండి, డబ్బు తీసుకోకుండా చూసిపెడతాను. ఎవరైనా “ఫార్మాట్ చేసేద్దాం” అంటే మాత్రం నా దగ్గరకు వచ్చేదాకా ఒప్పుకోకండి.