సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో మా పెళ్ళి: ఐదుకి రెండున్నర

ఫంక్షన్ హాలుకీ, క్యాటరింగ్‌కీ అందరూ రివ్యూలు రాస్తారు. మాకు ఆ రెండూ లేవు కాబట్టి నా రివ్యూ ఆఫీసుకే. నేను హిందువుని, తను క్రిస్టియన్. ఇద్దరిలో ఎవరూ మారక్కర్లేదని స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ ఎంచుకున్నాం. హైదరాబాద్‌లో ఏ ఆఫీసో చెప్పను, మళ్ళీ పని పడుతుంది.

ముందు మంచి చెప్తాను. స్టాఫ్ విసుక్కోలేదు. ఫీజు తక్కువే. వయసు రుజువు, అడ్రస్ ప్రూఫ్, ఫొటోలు ఒక ఫైల్లో వరుసగా పెట్టుకెళ్తే దరఖాస్తు పని గంటలో అయిపోయింది. బయట చెట్టు కింద డాక్యుమెంట్ రైటర్ 'అంతా నేను చూసుకుంటా మేడమ్' అంటాడు. అవసరం లేదు.

అసలు సమస్య నోటీసు. ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పడానికని మీ పేర్లు, వయసు, వృత్తి, అడ్రసు 30 రోజులు బోర్డు మీద ఉంటాయి. నోటీసు పుస్తకం ఎవరడిగినా ఉచితంగా చూపించాలి. సొంతూరు వేరే చోటైతే అక్కడి ఆఫీసుకీ ఒక కాపీ వెళ్తుంది. మా కొంప ముంచింది ఆ కాపీయే. నిజామాబాద్ వైపు మా ఊరి దగ్గర ఎవరో బోర్డుని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. నాలుగో రోజే బాబాయి నాన్నకి ఫోన్: "ఏందన్నా, పిల్ల పేరు గోడ మీద పడ్డది, మాకు ఒక్క మాట చెప్పలే?" ఆ తర్వాత 26 రోజుల టెన్షన్ నేను వర్ణించలేను.

ఈ ఏర్పాటు బ్రిటిష్ వాళ్ళ నాటిది. బ్రహ్మసమాజం వాళ్ళు అడగ్గా 1872లో తెచ్చిన పెళ్ళిళ్ళ చట్టంలో (ఆ ఏటి మూడో చట్టం) కూడా నోటీసు ఉంది, కానీ గడువు 14 రోజులే. దాన్ని 30 చేసింది 1954లో ఈ స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ తెచ్చిన మన పార్లమెంటు! ఒక మేలు మాత్రం జరిగింది. ఆ పాత చట్టం కింద పెళ్ళాడాలంటే 'నేను హిందూ, ముస్లిం, క్రైస్తవ మతాలు వేటినీ పాటించను' అంటూ సంతకం పెట్టాలి. 1923లో హిందువులకి, మరికొందరికి సడలించారు గానీ, మాలాంటి జంటకి ఆ చట్టం కింద 1954 దాకా ఆ అబద్ధం తప్పలేదు.

నోటీసు అంటించిన రోజు నాకు 2020 గుర్తొచ్చింది. మా అపార్ట్‌మెంట్ తలుపుకి హోం క్వారంటైన్ స్టిక్కర్ అంటించి వెళ్ళారు. పాలబ్బాయి మెట్ల దగ్గరే ఆగిపోయేవాడు. ఆ కరోనా నిబంధనల వెనక ఉన్నదీ బొంబాయి ప్లేగు రోజుల్లో పుట్టిన 1897 అంటువ్యాధుల చట్టమే. ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప అలా ఇళ్ళకి పోస్టర్లు అంటించొద్దని ఆ డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్ళి నోటీసు విషయంలో 2021లో అలహాబాద్ హైకోర్టు, జంట కోరితేనే బోర్డు మీద పెట్టండి అంది. ఆ ముక్క కౌంటర్‌లో చెప్తే, "అది అక్కడమ్మా" అన్నారు.

సాక్షులు ముగ్గురు కావాలి. నాన్న ఒకరు. ఆయన రిటైరయ్యేదాకా కుష్ఠు నివారణలో ఇంటింటికీ తిరిగిన మనిషి. మా వంతు వచ్చేదాకా ఫోన్లో చట్టం చదువుతూ కూర్చున్నారు. "బిడ్డా, 2019 దాకా కుష్ఠు ఉంటే విడాకులు తీసుకోవచ్చట ఇందులో. ఆరు నెలలో, ఏడాదో గోళీలు మింగితే తగ్గేదానికి!" అని చెప్పులో కాలు పెట్టబోతూ ఆగిపోయారు. బిచ్చమెత్తే రోగిని పోలీసులు వారంటు లేకుండా పట్టుకుపోవచ్చన్న 1898 చట్టం రద్దయింది కూడా 2016లోనే అని ఆయనే చెప్పారు. బాబాయితో పోట్లాడింది కూడా ఆయనే.

ఆ రోజు పని పది నిమిషాలే. ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని అధికారి ముందు, సాక్షులు వింటుండగా చెప్పాలి. నా గొంతు వణికితే ఆవిడ "నెమ్మదిగా చెప్పమ్మా" అన్నారు. ఆ రెండున్నరలో ఒక మార్కు అచ్చంగా ఆవిడది.

వెళ్ళేవాళ్ళు నీలం పెన్ను, అదనపు ఫొటోలు పట్టుకెళ్ళండి. సొంతూరి అడ్రసు రాసే ముందు ఇంట్లో ఎవరెవరికి చెప్పాలో చెప్పేయండి.

సర్టిఫికెట్ తీసుకుని వస్తూ చూస్తే మా నోటీసు ఇంకా అద్దాల పెట్టెలోనే ఉంది. తీసేయమంటే అటెండర్ నవ్వాడు. "ఉండనీయండి మేడమ్, కొత్తవాళ్ళది వస్తే దాని మీదే పెడతాం."