బాటెన్ వ్యాధి పరిశోధన: వివరాలు ఒకచోట చేర్చడం మేలా, ఎక్కడివి అక్కడ ఉంచడం మేలా?

పిల్లల మెదడును క్రమంగా దెబ్బతీసే బాటెన్ వ్యాధి అన్న ఒక్క పేరు కింద డజనుకు పైగా జన్యువుల లోపాల వల్ల వచ్చే వ్యాధులున్నాయి. వాటిలో ఏ ఒక్క రకాన్ని తీసుకున్నా ఒక దేశంలో దొరికే పిల్లల సంఖ్య చాలా తక్కువ కాబట్టి, దేశాలు కలిసి పనిచేయక తప్పదు. ఎలా కలవాలన్న దగ్గరే అభిప్రాయభేదం ఉంది. పిల్లల వివరాలన్నీ ఒకే రిజిస్ట్రీలో చేర్చడం ఒక పద్ధతి. రికార్డులు ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉండి, ప్రశ్నలు వెళ్లి జవాబులు మాత్రమే తిరిగి వచ్చే ఫెడరేటెడ్ పద్ధతి రెండోది.

ఉమ్మడి రిజిస్ట్రీ బలమేమిటో సీఎల్‌ఎన్2 రకం చూపింది. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య మూర్ఛలతో బయటపడి, మాటనూ నడకనూ హరించే ఈ వ్యాధికి మూలమైన జన్యువును 1997లో గుర్తించారు. లోపించిన ఎంజైమ్‌ను భర్తీ చేసే సెర్లిపోనేస్ ఆల్ఫాను, పుర్రెలో అమర్చిన పరికరం ద్వారా రెండు వారాలకొకసారి మెదడులోని ద్రవపు గదుల్లోకి ఎక్కించాలి. ఉత్తుత్తి మందు కోసం పసిపిల్లలకు అలాంటి శస్త్రచికిత్స చేయడం న్యాయం కాదు కనుక, ప్రధాన పరీక్షలో అందరికీ అసలు మందే ఇచ్చారు. మరి ఎవరితో పోల్చాలి? చికిత్స లేకుండా వ్యాధి ఎలా ముదురుతుందో నమోదు చేసిన డెమ్-చైల్డ్ డేటాబేస్‌లోని 42 మంది పిల్లలతో పోల్చారు. మాట, నడకలకు కలిపి వేసే 6 పాయింట్ల స్కోరులో, చికిత్స పొందిన 23 మంది ప్రతి 48 వారాలకు సగటున 0.27 పాయింట్లు కోల్పోగా, పొందనివారు 2.12 కోల్పోయారు. 2017లో అమెరికా, ఐరోపా సంఘం రెండూ మందుకు అనుమతినిచ్చాయి. వయసూ స్కోరూ చూసి ఒక బిడ్డను మరో బిడ్డతో జతపరచాలంటే అందరివీ కలిపిన సగటు లెక్కలు చాలవు, ఒక్కొక్కరి రికార్డూ కావాలి.

ఇందులో ప్రమాదమూ ఉంది. ఇంత అరుదైన వ్యాధిలో పేరు తీసేసినా, జన్యు మార్పు, పుట్టిన సంవత్సరం, దేశం తెలిస్తే చాలు, ఆ బిడ్డ ఎవరో పోల్చుకోవచ్చు. పైగా బిడ్డ జన్యు సమాచారం తోబుట్టువుల గురించి కూడా చెబుతుంది, వారి సమ్మతి ఎవరూ అడిగి ఉండరు. 2018 నుంచి అమలవుతున్న ఐరోపా డేటా రక్షణ నిబంధనలు జన్యు సమాచారానికి ప్రత్యేక రక్షణ కల్పించడం సబబే. రోగ నిర్ధారణ వరకైతే ఫెడరేటెడ్ పద్ధతికే నా ఓటు. ఫలానా జన్యువులో మార్పున్న బిడ్డ మీ దగ్గరా ఉందా అని అరుదైన వ్యాధుల డేటాబేస్‌లను కలిపే మ్యాచ్‌మేకర్ ఎక్స్‌ఛేంజ్ అనే నెట్‌వర్క్ ద్వారా అడగడానికి రికార్డంతా అప్పగించనక్కర్లేదు.

అయితే ఫెడరేటెడ్ పద్ధతి నడవాలంటే అందరి కొలతా ముందే ఒకటై ఉండాలి. సీఎల్‌ఎన్2కే జర్మనీలోని హాంబర్గ్, న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల వైద్యులు వేర్వేరు స్కేళ్లు తయారుచేసుకున్నారు. తడబడుతూ నడిచే బిడ్డకు ఒకచోట ఒక అంకె, మరోచోట మరో అంకె పడితే ఉమ్మడి రిజిస్ట్రీలో ఆ తేడా కంటబడుతుంది. ఫెడరేటెడ్ పద్ధతిలో అది సగటులో కలిసిపోయి తిరిగి వస్తుంది.

అందుకే వ్యాధి సహజ గమనాన్ని నమోదు చేయడానికి మాత్రం, వివరాలు ఎవరు చూడవచ్చన్న దానిపై గట్టి నియంత్రణ ఉన్న ఉమ్మడి రిజిస్ట్రీయే మేలని నా అభిప్రాయం. బడి వయసులో చూపు మందగించడంతో మొదలై ఏళ్ల తరబడి సాగే సీఎల్‌ఎన్3 రకానికి ఇది మరింత అవసరం. కానీ పరిశోధన నిధులు కొద్ది సంవత్సరాలకే వస్తాయి. అవి ఆగిన రోజున ఆ రికార్డులు ఎవరి బాధ్యతో మొదటి బిడ్డ వివరాలు ఎక్కించకముందే రాసుకోవాలి.