ఎడారిలో ఆరు శీతాకాలాలు: నా 10×50 బైనాక్యులర్లు, టెంట్, అల్ ఖువా ఆకాశం

ఊరు జగిత్యాల దగ్గర, ఉద్యోగం దుబాయ్‌లో. ఆరేళ్ల కింద మూడు వందల దిర్హమ్‌లు పెట్టి ఒక 10×50 బైనాక్యులర్లు (పది రెట్లు దగ్గరగా చూపేవి, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు) కొన్నాను. అదే షాపులో విసిరేస్తే తెరుచుకునే పాప్-అప్ టెంట్ కూడా తీసుకున్నాను. అప్పటి నుంచి ఏటా అక్టోబరు నుంచి మార్చి దాకా, అమావాస్యకు దగ్గర పడే వారాంతాల్లో అల్ ఖువాకు వెళ్తున్నాను. ఇరవై రాత్రులు దాటాయి.

ముందు చోటు గురించి. అల్ ఖువా అబుదాబి ఎమిరేట్‌లో, అల్ ఐన్‌కు దక్షిణాన, కర్కటరేఖకు దగ్గర్లో ఉంటుంది. దుబాయ్ నుంచి రెండు గంటల పైనే డ్రైవ్. మొదట్లో దగ్గర కదా అని అల్ ఖుద్రాకు వెళ్లేవాణ్ని. అక్కడ ఇసుక ఉంది, ప్రశాంతత ఉంది, కానీ దుబాయ్ వెలుగు చిన్న చుక్కలన్నిటినీ మింగేస్తుంది. అల్ ఖువాలో లైట్లన్నీ ఆర్పి, ఇరవై ముప్పై నిమిషాలు ఫోన్ ముట్టకుండా కూర్చుంటే చాలు, కళ్లు చీకటికి అలవాటుపడతాయి. ఆ తర్వాత పాలపుంతను వెతకాల్సిన పని లేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఫోటోల్లో కనిపించే పాలపుంత నడిభాగం డిసెంబరులో రాత్రిపూట కనిపించదు, సూర్యుడి వైపు ఉంటుంది. చలి బాగుంటుందని అప్పుడు వచ్చి నిరాశపడ్డవాళ్లను చాలామందిని చూశాను. అక్టోబరులో అయితే చీకటి పడగానే నైరుతిలో చూడాలి. మార్చి చివర్లో అయితే తెల్లవారుజామున రెండు, మూడు గంటలకు లేవాలి. డిసెంబరు, జనవరి నెలలు మృగశిర, రోహిణి, కృత్తికలవి. కృత్తికను మా నానమ్మ పిల్లలకోడి అనేది. డాబా మీద నాకు ఆరు చుక్కలే కనిపించేవి. బైనాక్యులర్లలో తొలిసారి చూసినప్పుడు ఎన్నో లెక్కపెట్టలేక వదిలేశాను.

మొదటిసారి కొనేవాళ్లకు టెలిస్కోప్ కంటే ఇదే నయమంటాను. ఆండ్రోమెడా గెలాక్సీ బూడిదరంగు మరకలా, మృగశిర ఉన్న ఓరియన్ (వేటగాడు) మండలం కత్తిలో నెబ్యులా, అంటే వాయుమేఘం, పొగలా కనిపిస్తాయి. మోచేతులు దేనికైనా ఆనించి చూస్తే గురుడి పక్కన నాలుగు చందమామలు చుక్కల్లా నిలుస్తాయి. శనిగ్రహం వలయాలు మాత్రం ఆశించకండి, దీనికి అంత శక్తి లేదు. బరువు వల్ల చేతులు వణుకుతాయి. వాలుకుర్చీలో వెనక్కి పడుకుని చూడటం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది సగం పోయింది. మూడో ఏడుకి ఫోకస్ చక్రంలోకి ఇసుక చేరి కరకరలాడింది. ఒక వేసవంతా కారులో వదిలేసినందుకు ఎడమ కంటి రబ్బరు పగిలింది. అద్దాలు మాత్రం ఇప్పటికీ బాగున్నాయి.

టెంట్ సంగతి వేరు. దానితో వచ్చిన మేకులు ఇసుకలో నిలవవు. రెండో ట్రిప్పులోనే గాలికి ఒక పక్క లేచిపోయి, అర్ధరాత్రి దాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు సంచుల్లో ఇసుక నింపి, తాళ్లు కట్టి పాతిపెడతాను.

ఎవరూ ముందుగా చెప్పని ఇబ్బంది మంచు. ఎడారి అంటే పొడిగా ఉంటుందనుకున్నాను. మబ్బులేని రాత్రి నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది, సముద్రం వైపు నుంచి వచ్చిన తేమ చల్లబడి నీరవుతుంది. మూడు గంటలకల్లా కారు అద్దాల మీంచి నీళ్లు కారతాయి, దుప్పటి తడుస్తుంది, లెన్సులు మసకబారతాయి. చూడనప్పుడు మూతలు పెట్టి తువ్వాలులో చుట్టండి. పైన టార్పాలిన్ ఉండాల్సిందే. జనవరిలో స్వెటర్ ఒక్కటే చాలదు.

ఇసుకలోకి దిగేముందు టైర్ల గాలి 15 పీఎస్ఐ దాకా తగ్గించండి, తిరిగి నింపే కంప్రెసర్ మరిచిపోవద్దు. ఒంటరిగా ఒక్క కారులో వెళ్లకండి.

మూడేళ్ల కింద, ఒక జనవరి రాత్రి, మా తెలుగు మాటలు విని పక్కనున్న ఎజ్బా (ఒంటెల ఫారం) నుంచి ఒంటెలు కాసే ఆయన వచ్చాడు. నిర్మల్ వైపు మనిషి. "అన్నా, మనోళ్లేనా?" అంటూ ఫ్లాస్కులో చాయ్ తెచ్చాడు. దక్షిణాన, దిగంతానికి కాస్త పైన మెరుస్తున్న చుక్కను చూపించి, "మా అర్బాబ్ (యజమాని) దాన్ని సుహైల్ అంటడు. ఆగస్టు ఆఖర్ల పొద్దుగాల అది కనవడితే ఎండ తగ్గుతదంట" అన్నాడు. అది మన అగస్త్య నక్షత్రం. అగస్త్యుడు ఉదయిస్తే వానకు మురికైన నీళ్లు తేటపడతాయని మనవాళ్లు చెప్పేది ఆ చుక్క గురించే. ఊళ్లో కంటే ఇక్కడ అది ఇంకా కిందికి ఉంటుంది, ధ్రువ నక్షత్రం కాస్త పైకి ఉంటుంది. ఆ మాట చెబితే ఆయన చాలాసేపు ఉత్తరం వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఈ మధ్య వారాంతాల్లో జనం పెరిగారు. హెడ్‌లైట్లు వేసుకుని వచ్చే ప్రతి కారూ అందరి కళ్లనూ అరగంట వెనక్కి తీసుకెళ్తుంది. వీలైతే సెలవు పెట్టి వారం మధ్యలో వెళ్లండి, ఎర్ర లైటు టార్చి వాడండి, చెత్త ఒక్క ముక్క కూడా వదలకుండా తీసుకొచ్చేయండి. ఒంటెలు ప్లాస్టిక్ తింటాయి.

పగిలిన కంటి రబ్బరుకు సైకిల్ ట్యూబు ముక్క కట్టాను. ఏడో శీతాకాలానికి ఇవే బైనాక్యులర్లు తీసుకెళ్తున్నాను, టెంట్ మాత్రం కొత్తది చూస్తున్నాను.