ఇంటి ఫర్నేస్ సొంత మరమ్మతు: డబ్బాలో ఏవి ఉండాలి, ఏవి అక్కర్లేదు

గ్యాస్ మండించి ఇల్లంతా వెచ్చబరిచే యంత్రం, అంటే గ్యాస్ ఫర్నేస్, మొరాయించేది ఎప్పుడూ చలి ముదిరిన రాత్రే. ఇందులో దురదృష్టం ఏమీ లేదు. ఎడతెరిపి లేకుండా పనిచేసే రోజుల్లోనే బలహీనపడిన భాగం బయటపడుతుంది. అదే రాత్రి ఇంకా ఎందరి ఇళ్లలోనో ఇదే గోల, కాబట్టి మెకానిక్ ఫోను ఎత్తడు. ఎత్తినా ఎల్లుండి వస్తానంటాడు. అందుకే చాలా ఏళ్లుగా మా ఫర్నేస్‌కు చిన్న మరమ్మతులు నేనే చేసుకుంటున్నాను, పక్కనే ఒక డబ్బాలో కొన్ని విడిభాగాలు ఉంచుకుంటున్నాను. ఆ అలవాటు ఎంతవరకు అక్కరకు వచ్చిందన్నదే ఈ సమీక్ష.

మాది 90 శాతానికి పైగా సామర్థ్యం ఉన్న రకం. ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న పైలట్ మంట లేదు, ఎర్రగా కాలే ఇగ్నైటర్‌తో గ్యాస్ అంటుకుంటుంది. ఇలాంటి వాటిలో పని ఒక వరసలో జరుగుతుంది. గది ఉష్ణోగ్రతను కనిపెట్టే థర్మోస్టాట్ వేడి కావాలని అడుగుతుంది. పొగను బయటకు నెట్టే చిన్న ఫ్యాను, అంటే ఇండ్యూసర్, తిరగడం మొదలవుతుంది. గాలి సరిగా లాగుతోందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకుంటేనే ఇగ్నైటర్ కాలుతుంది. ఆ తర్వాతే గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. మంట వచ్చిందని ఫ్లేమ్ సెన్సర్ చెప్పాలి, చెప్పకపోతే కొద్ది క్షణాల్లో గ్యాస్ ఆగిపోతుంది. అన్నీ కుదిరాక పెద్ద బ్లోయర్ తిరిగి గదులకు వేడిగాలి పంపుతుంది. ఈ వరస తలకెక్కితే సగం మరమ్మతు అయినట్టే, ఎందుకంటే ఎక్కడ ఆగిందో అక్కడే జబ్బు ఉంటుంది. ఈ వరసనంతా నడిపే కంట్రోల్ బోర్డు మీది చిన్న దీపం కూడా ఎన్నిసార్లు మినుకుమంటోందో చూసి కారణం పోల్చుకోవచ్చు. ఆ సంకేతాల పట్టిక సాధారణంగా తలుపు లోపలి వైపే అతికించి ఉంటుంది. చాలామంది దాని ముఖం కూడా చూడరు.

అన్నిటికంటే ఎక్కువగా సతాయించేది ఫ్లేమ్ సెన్సర్. పింగాణీ పట్టులో ఒక సన్నటి లోహపు కడ్డీ, అంతే. మంట గుండా విద్యుత్తు ఒక దిశలోనే ఎక్కువగా ప్రవహిస్తుంది. ఆ సన్నని ప్రవాహాన్ని బట్టే మంట ఉందని బోర్డు నమ్ముతుంది. అది ఎంతో తెలుసా? సాధారణంగా 1 నుంచి 6 మైక్రో ఆంపియర్లు. కడ్డీ మీద కంటికి ఆననంత పలచని పొర పేరుకున్నా ఆ ప్రవాహం పడిపోతుంది. అప్పుడు మంట వెలుగుతుంది, కొద్ది క్షణాలకే ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. కొన్ని ప్రయత్నాల తర్వాత బోర్డు విసిగి తాళం వేసుకుంటుంది. మందు చాలా సులువు. కరెంటు ఆపి, గ్యాస్ కట్టేసి, ఒక్క స్క్రూ విప్పి కడ్డీ బయటకు తీసి, సన్నటి స్టీలు పీచుతో మెల్లగా రుద్ది, తుడిచి పెట్టాలి. గరుకు కాగితంతో గీకేవాళ్లున్నారు. అది కడ్డీ మీద గీతలు పెడుతుంది, ఆ గీతల్లో మసి ఇంకా త్వరగా చేరుతుంది. నేను చలికాలానికి ముందు ఏటా దీన్ని తుడుస్తాను. కొత్తది ఒకటి డబ్బాలో ఉంటుంది గానీ, దాని అవసరం అరుదుగానే పడింది.

ఇగ్నైటర్ సంగతి వేరు. ఇది శుభ్రం చేస్తే బాగుపడే వస్తువు కాదు, పగిలితే మార్చాల్సిందే. పాత సిలికాన్ కార్బైడ్ రకం మహా పెళుసు. వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటి కాలుతుంది, చల్లారుతుంది, మళ్లీ కాలుతుంది, ఎన్నాళ్లని తట్టుకుంటుంది? మల్టీమీటర్ పెట్టి చూస్తే చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా 40 నుంచి 90 ఓముల దాకా చూపాలి. అసలేమీ చూపకపోతే లోపల తెగింది. మార్చేటప్పుడు ఆ కాలే భాగాన్ని వేలితో తాకకూడదు, వేలి జిడ్డు అంటిన చోటే పగులు పుడుతుంది. సిలికాన్ నైట్రైడ్ రకం దీనికంటే మొండిది. కాని మన బోర్డు ఇచ్చే వోల్టేజి దానికి సరిపోతేనే వాడాలి. అన్నిటికీ సరిపోతుందని అమ్మే ఇగ్నైటర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పట్టీ వంచాలి, వైర్లు కోసి అతకాలి, ఆ చలిలో ఎవరికి ఓపిక? డబ్బాలో ఒకే ఒక్క విడిభాగానికి చోటుంటే, మన మోడల్‌కు సరిపడే ఇగ్నైటర్‌నే ఉంచుకోమంటాను.

బ్లోయర్ మోటారు పాత తరహాదైతే అది తిరగడానికి ఊతమిచ్చే ఒక కెపాసిటర్ ఉంటుంది. కెపాసిటర్ నీరసించినప్పుడు మోటారు మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంది, వేడి బయటకు పోక, లోపల వేడి మితిమీరితే పడిపోయే లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది. కెపాసిటర్ మీద రాసి ఉన్న మైక్రోఫారడ్ల అంకె కొత్తదానిలోనూ అదే ఉండాలి. వోల్టేజి మాత్రం అంతే ఉన్నా, ఎక్కువున్నా పరవాలేదు. తాకే ముందు అందులో నిలిచి ఉన్న విద్యుత్తును తీసేయాలి. కరెంటు ఆపినా అది కొడుతుంది. ఎలక్ట్రానిక్స్‌తో నడిచే కొత్త తరహా ఈసీఎం మోటార్లకు ఈ భాగం ఉండదు. బదులుగా ఖరీదైన ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, దాన్ని కొని దాచుకోవడం నాకు గిట్టుబాటుగా తోచలేదు.

ప్రెషర్ స్విచ్ గురించి ఒక మాట. దీపం ఆ సంకేతం చూపగానే జనం ఆ స్విచ్‌నే మార్చేస్తారు. అది చాలాసార్లు నిజమే చెబుతుంది పాపం. దానికి వెళ్లే రబ్బరు గొట్టం పగిలి ఉంటుంది, లేదా బయటి పొగగొట్టం మంచుతోనో పక్షి గూడుతోనో మూసుకుపోయి ఉంటుంది. మాలాంటి ఎక్కువ సామర్థ్యం ఉన్న ఫర్నేసుల్లో పొగలోని ఆవిరి నీరుగా మారి కారుతుంది. ఆ నీరు పోయే దారి జిగురుతో పూడుకుపోయినా ఇదే సంకేతం. మా ఇంట్లో ఇలాంటి ఫిర్యాదులు ఎక్కువ భాగం ఆ దారి కడిగితేనే తీరాయి. స్విచ్ రెండు కొసలనూ వైరు ముక్కతో కలిపేసి నడిపించే ఘనులున్నారు. పొగ బయటకు పోతోందని కాపలా కాసేది అదే. దాని కళ్లు పొడిచి మనం నిద్రపోవడమా?

మిగతావి చిన్నవి. బోర్డు మీద ఉండే ఫ్యూజులు కార్లలో వాడే బ్లేడు రకమే, ఎక్కువగా 3 లేదా 5 ఆంపియర్లవి, నాలుగు పడేసుకోవచ్చు. మార్చిన ఫ్యూజు వెంటనే మళ్లీ పోతే థర్మోస్టాట్ వైరు ఎక్కడో ఒరుసుకుపోయిందని అనుమానించాలి. థర్మోస్టాట్ బ్యాటరీలు, ఎయిర్ ఫిల్టర్లు సరేసరి. మరీ దట్టమైన ఫిల్టరు పెడితే గాలి ఆడక లిమిట్ స్విచ్ పడిపోతుంది, నేరం మాత్రం ఫర్నేస్ మీదకు పోతుంది.

కంట్రోల్ బోర్డు, ఇండ్యూసర్ మోటారు నేను కొని పెట్టుకోలేదు. ఖరీదు ఎక్కువ, పోయే అవకాశం తక్కువ, పైగా ఇండ్యూసర్ పోయేముందు కీచుమని ముందే చెబుతుంది. కొనేటప్పుడు ఫర్నేస్ పేరును నమ్ముకోకుండా పలక మీది పూర్తి మోడల్ సంఖ్యనూ, పాత భాగం మీది సంఖ్యనూ రెండిటినీ ఫోటో తీసుకుంటాను. ఒకే పేరుతో వచ్చే ఫర్నేసుల్లోనూ లోపలి భాగాలు మారుతుంటాయి. తయారీదారులు పాత సంఖ్యను తీసేసి కొత్తది ఇవ్వడమూ మామూలే.

గ్యాస్ వాల్వ్, గ్యాస్ పీడనం, బర్నర్ల సర్దుబాటు మాత్రం ముట్టను. పీడనం కొలిచే పరికరం, దాన్ని చదివే అనుభవం లేనివాళ్లు అక్కడ చేయి పెట్టకూడదు. కొన్నిచోట్ల చట్టం కూడా ఒప్పుకోదు. మంట వెలుపలికి తన్నితే పడిపోయే రోలవుట్ స్విచ్ పడితే, దాన్ని నొక్కి మళ్లీ నడపను. మంట వేడిని గదుల గాలికి అందించే లోహపు భాగం, అంటే హీట్ ఎక్స్ఛేంజర్, పగిలిందేమో చూడమని మెకానిక్‌ను పిలుస్తాను. ఆ పగులులోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు, దానికి వాసన ఉండదు. ఆ వాయువును పసిగట్టే అలారం పడక గదుల దగ్గర ఉంది. దాని వెనక గడువు తేదీ ఉంటుంది, అది దాటితే పారేసి కొత్తది పెడుతున్నాను.

మా ఫర్నేస్ వయసు మళ్లుతోంది. ఇలాంటివి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు నడుస్తాయంటారు. కాబట్టి డబ్బా నింపడం మానేశాను. ఉన్న ఇగ్నైటర్ వాడేస్తే ఇంకొకటి కొంటాను, అంతవరకే. కొత్త ఫర్నేస్ వచ్చాక ఫ్యూజులు తప్ప ఇందులోవి దానికి సరిపోతాయన్న భరోసా లేదు.