నికాన్ డి3500, ఒక 35 ఎంఎం లెన్సు: మొదటి డీఎస్‌ఎల్‌ఆర్‌గా నా ఓటు ఈ జోడీకే

మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ కొనాలనుకునేవాళ్లలో చాలామంది బాడీ దగ్గరే ఇరుక్కుపోతారు. కెనానా నికానా, మెగాపిక్సెల్స్ ఎన్ని, 4కె వీడియో ఉందా లేదా అని వారాల తరబడి చూసి చూసి, చివరికి ఉన్న డబ్బంతా బాడీకే పోసేసి డబ్బాలో వచ్చిన లెన్సుతో సరిపెట్టుకుంటారు. నేనైతే దీనికి పూర్తిగా రివర్స్ చెబుతాను. బాడీ పాతదైనా, సెకండ్ హ్యాండ్‌దైనా, కంపెనీ లిస్టులో అట్టడుగు మోడల్ అయినా ఫర్వాలేదు, అక్కడ మిగిలిన డబ్బుతో ఎఫ్1.8 ప్రైమ్ లెన్సు (జూమ్ లేనిది, వెలుగు బాగా లోపలికి తెచ్చేది) ఒకటి కొనండి. నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ నికాన్ డి3500, దాంతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్సు, విడిగా తీసుకున్న 35 ఎంఎం ఎఫ్1.8జి డీఎక్స్. ఈ రివ్యూ వాటి గురించే. మధ్యలో కెనాన్ సంగతి కూడా వస్తుంది, కొందరికి అదే కరెక్ట్ కాబట్టి.

ముందు బాడీ. 2018లో వచ్చింది, 24 మెగాపిక్సెల్ సెన్సర్, ఫొటో క్వాలిటీలో ఇవాళ్టికీ వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. బరువు 365 గ్రాములే, కానీ గ్రిప్ లోతుగా ఉంటుంది కాబట్టి వేళ్లు జారవు. బ్యాటరీ ఒకసారి చార్జ్ చేస్తే 1550 ఫొటోలు వస్తాయని కంపెనీ లెక్క, వ్యూఫైండర్‌లోంచి చూసి తీస్తే అది అతిశయోక్తి అనిపించదు, చార్జర్ ఎక్కడ పెట్టామో మర్చిపోయేంత కాలం నడుస్తుంది. డయల్ మీద గైడ్ అని ఒక మోడ్ ఉంది, కొత్తవాళ్లకి వెనక మసకగా రావాలంటే ఏం చేయాలి, నీళ్లు పారుతున్నట్టు రావాలంటే ఏం చేయాలి అని స్క్రీన్ మీదే చూపిస్తుంది. నాకు అది కొన్నాళ్లకే బోర్ కొట్టింది గానీ, మొదట్లో మాత్రం నిజంగా పనికొచ్చింది.

ఇక లోట్లు. స్క్రీన్ కదలదు, టచ్ లేదు, బయటి మైక్ పెట్టుకునే సాకెట్ లేదు, వై-ఫై లేదు, బ్లూటూత్‌తో చిన్న సైజు ఫొటోలు ఫోన్‌కి వస్తాయి అంతే. స్క్రీన్ మీద చూస్తూ తీస్తే ఫోకస్ ముందుకీ వెనక్కీ ఊగిసలాడి గానీ కుదురుకోదు. వెనక డయల్ ఒకటే కావడంతో మాన్యువల్ మోడ్‌లో అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) మార్చాలంటే షట్టర్ పక్కనున్న ప్లస్-మైనస్ బటన్ నొక్కిపట్టుకుని డయల్ తిప్పాలి, వేలికి అలవాటు పడేదాకా చిరాకే. సెన్సర్‌ని దులుపుకునే ఏర్పాటు కూడా లేదు కాబట్టి లెన్సు మార్చేటప్పుడు కెమెరా మూతి కిందికి పెట్టి త్వరగా మార్చేయడం మంచిది.

అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. నికాన్ డి3000, డి5000 వరుసల్లో ఏ బాడీలోనూ ఫోకస్ మోటర్ ఉండదు, మోటర్ లెన్సులోనే ఉండాలి. అంటే లెన్సు పేరులో ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పి గానీ ఉండాలి. పాత 50 ఎంఎం ఎఫ్1.8డి చాలా చవగ్గా దొరుకుతుంది, చూడగానే ఆశ పుడుతుంది, కానీ డి3500 మీద దాని ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. డి7000 వరుస బాడీల మీద అదే లెన్సు శుభ్రంగా ఆటోఫోకస్ చేస్తుంది. ఈ ఒక్క విషయం అమ్మేవాళ్లు చాలామంది చెప్పరు. నాకు ఒక సెకండ్ హ్యాండ్ షాపులో "అన్ని నికాన్లకీ పడుతుందండీ" అన్నారు. నిజమే, పడుతుంది, ఫోకస్ అవ్వదు!

కిట్ లెన్సుని అందరూ తిడతారు గానీ అంత పాపం అదేం చేయలేదు. ఏఎఫ్-పి 18-55 చిన్నది, ఫోకస్ చప్పుడు లేకుండా చకచకా జరుగుతుంది, ఎఫ్8 దగ్గర పగటి వెలుగులో బొమ్మ బాగా షార్ప్‌గా వస్తుంది. ఊళ్లు తిరిగేటప్పుడు, గ్రూప్ ఫొటోలకి 18 ఎంఎం కావాలి, దానికి ఇదే దిక్కు. ఒకటి చూసుకోండి, ఇది రెండు రకాలుగా వచ్చింది, వీఆర్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఉన్నదీ లేనిదీ. బయటి నుంచి రెండూ ఒకేలా ఉంటాయి, పేరులో ఆ రెండక్షరాలే తేడా. వీఆర్ ఉన్నదే తీసుకోండి. ఇంకో సంగతి, ఈ లెన్సు ముడుచుకుని ఉంటుంది, పక్కన బటన్ నొక్కి తిప్పి తెరిస్తేనే కెమెరా ఫొటో తీయనిస్తుంది. కొత్తలో కెమెరా పాడైందని టెన్షన్ పడేవాళ్లు చాలామందికి ఇదే కారణం.

సాయంత్రం ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద అయితే కథ మారిపోతుంది. కిట్ లెన్సుని 35 ఎంఎం దగ్గర పెడితే దాని అపర్చర్ ఎఫ్4.5 కంటే ఎక్కువ తెరుచుకోదు. అదే చోట ఎఫ్1.8 లెన్సు దాదాపు ఆరు రెట్లు వెలుగు లోపలికి తెస్తుంది. లెక్కలో చెప్పాలంటే, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగ్) 1600 దగ్గర కిట్ లెన్సుతో షట్టర్ స్పీడ్ 1/15 సెకను వస్తుంటే, ప్రైమ్‌తో అదే వెలుగులో దాదాపు 1/100 వస్తుంది. 1/15లో గంతులేసే పిల్లాడి మొహం ఉండాల్సిన చోట ఒక మరక మాత్రం వస్తుంది. దీనికి వీఆర్ ఏమీ చేయలేదు, అది మన చేతి వణుకుని ఆపుతుంది గానీ పిల్లాణ్ణి ఆపలేదు కదా! 1/100లో కూడా పరిగెత్తేవాణ్ణి పట్టుకోలేం, కానీ కూర్చుని నవ్వుతున్నవాడి కనురెప్పలు విడివిడిగా కనిపిస్తాయి, కంటిలో ట్యూబ్‌లైట్ గీతతో సహా.

ఈ 35 ఎంఎం 2009 నుంచీ ఉంది, బరువు 200 గ్రాములు, హుడ్ డబ్బాలోనే వస్తుంది. డి3500లో ఉన్న చిన్న సెన్సర్ (నికాన్ దీన్నే డీఎక్స్ అంటుంది) మీద, ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ మీద 50 ఎంఎం పెట్టినట్టు కనిపిస్తుంది, అందుకే 50 కంటే దీన్నే ముందు కొనమంటాను. ఇరుకు గదుల్లో 50 పెడితే వెనక్కి వెళ్లి వెళ్లి గోడకి ఆనుకోవాలి. మైనస్ ఏంటంటే, ఎఫ్1.8 దగ్గర వెలుగూ చీకటీ కలిసే అంచుల్లో, ఎండలో కొమ్మల చివర్ల దగ్గర, ఊదా రంగు గీత కనిపిస్తుంది. ఎఫ్2.8కి దించితే చాలావరకు తగ్గుతుంది. జూమ్ లేదు, నడవాలి. నాకైతే ఆ నడక వల్లే ఫ్రేమ్ ఎలా పెట్టాలో తెలిసింది, కానీ పెళ్లిళ్లలో ఫొటోలు తీయాలనుకునేవాళ్లకి ఈ మాట నచ్చదు.

డబుల్ కిట్ అని 18-55తో పాటు 70-300 కలిపి అమ్ముతారు, దాని జోలికి తొందరపడి వెళ్లకండి. ఆ 70-300లో కూడా వీఆర్ లేని రకం ఒకటుంది. 300 దగ్గర చేత్తో పట్టుకుని తీయాలంటే 1/450 దాకా షట్టర్ స్పీడ్ కావాలి, సాయంత్రమైతే అది రాదు. కెనాన్ వైపు 75-300 కూడా అంతే, స్టెబిలైజర్ లేదు, చివర్లో మెత్తగా వస్తుంది. దూరం నుంచి తీయడం, పక్షులు అలాంటివి నిజంగా మీకు ఇష్టమని తేలాక కెనాన్‌లో అయితే 55-250 ఐఎస్ ఎస్‌టీఎం చూడండి, అది నిజంగా డబ్బుకి న్యాయం చేసే లెన్సు.

కెనాన్ ఎవరికి? వీడియో ముఖ్యమైతే మాత్రం డి3500 వద్దు, 200డి మార్క్ 2 తీసుకోండి. స్క్రీన్ పక్కకి తెరుచుకుని తిరుగుతుంది, టచ్ ఉంది, మైక్ సాకెట్ ఉంది, డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ వల్ల స్క్రీన్ మీద చూస్తూ తీసినా మనిషి మొహాన్ని వదలదు. 4కె అని డబ్బా మీద రాసి ఉంటుంది గానీ అందులో ఫ్రేమ్ బాగా ఇరుకైపోతుంది, డ్యూయల్ పిక్సెల్ కూడా పనిచేయదు, దాన్ని 1080 కెమెరాగానే లెక్కేసుకోండి. ఇంకొకటి, దీని మీదా 1500డి మీదా ఫ్లాష్ పెట్టే చోట మధ్య పిన్ తీసేశారు, ఆ పిన్ మీదే ఆధారపడి స్టూడియో లైట్లని పేల్చే మామూలు ట్రిగ్గర్లు పనిచేయవు. స్టూడియో లైట్ల ఆలోచన ఉంటే ఇది పెద్ద విషయమే. దీనికి జోడీగా 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్‌టీఎం చవక, మంచిది, కాకపోతే కెనాన్ చిన్న సెన్సర్ 1.6 రెట్లు దగ్గరగా చూపిస్తుంది కాబట్టి 80 ఎంఎం లాగా కనిపిస్తుంది, మొహాలకి బాగుంటుంది, గదికి కాదు. గదికైతే 24 ఎంఎం ఎఫ్2.8 పాన్‌కేక్ (పల్చటి చిన్న లెన్సు).

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు నేను చేసేది చెబుతాను. నికాన్ అయితే ఒక జేపెగ్ తీసి చూస్తే అందులోనే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో ఆ లెక్క) ఉంటుంది, కెనాన్‌లో అది అంత తేలిగ్గా దొరకదు. ఎఫ్16 పెట్టి తెల్ల గోడనో ఆకాశాన్నో ఫోకస్ తప్పించి ఒక ఫొటో తీసి జూమ్ చేయండి, సెన్సర్ మీద దుమ్ము ఉంటే నల్ల చుక్కల్లా బయటపడుతుంది. దుమ్ముకి భయపడక్కర్లేదు, తుడిపించుకోవచ్చు. లెన్సుకి మాత్రం రెండు మూతలూ తీసి ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ఏటవాలుగా చూడండి, లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దు.

ఇప్పుడు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాల) కాలం కదా, డీఎస్‌ఎల్‌ఆర్ ఎందుకు అంటారా? అందుకే కదా ఇవి చవకైంది. కొత్త మోడల్స్ రావు, నిజమే. కానీ కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో వాళ్ల ఆర్ మిర్రర్‌లెస్ బాడీల మీద చక్కగా పనిచేస్తాయి, నికాన్ ఏఎఫ్-ఎస్ లెన్సులు ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌తో జడ్ మిర్రర్‌లెస్ బాడీల మీద ఆటోఫోకస్ చేస్తాయి. రేపు బాడీ మారినా లెన్సులు ఎక్కడికీ పోవు, మన 35 లాంటి డీఎక్స్ లెన్సు ఫుల్‌ఫ్రేమ్ జడ్ మీద చిన్న ఫ్రేమ్‌లోనే పనిచేస్తుంది, అంతే తేడా.

చివర్లో షాపువాళ్లు బ్యాగు, ట్రైపాడ్, యూవీ ఫిల్టర్ అన్నీ కలిపి బిల్లు వేస్తారు. చవకరకం ఫిల్టర్ పెడితే రాత్రిపూట వీధి దీపాలకి ఎదురుగా తీసిన ఫొటోల్లో దీపానికి దయ్యం లాంటి నీడ ఇంకోటి పడుతుంది, అది వద్దని చెప్పేయండి. హుడ్ ఎలాగూ డబ్బాలోనే ఉంది, మిగిలిన డబ్బుకి ఇంకో మెమరీ కార్డు తీసుకోండి.